ఫ్లోరెన్స్‌లో ప్రైవేట్ గైడ్‌తో నడక టూర్: నలుగురికి 240 యూరోలు పెట్టవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: జూన్ చివర్లో మీరు, మీవారు, అత్తయ్యగారు, మామయ్యగారు కలిసి ఫ్లోరెన్స్‌లో రెండు రోజులు ఉంటున్నారు. మూడు గంటల ప్రైవేట్ నడక టూర్‌కి ఒక గైడ్ 240 యూరోలు అడిగారు. అంత పెట్టాలా, ఫ్రీ టూరో ఫోన్‌లో ఆడియో గైడో చాలదా అని అడిగారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పి ఉందని, పెద్దవాళ్లిద్దరికీ వేగంగా మాట్లాడే ఇంగ్లీషు అందదని కూడా రాశారు.

తీసుకోండి. మీ కుటుంబానికి అది పనికొచ్చే ఖర్చే. కాకపోతే మూడు విషయాలు పట్టుబట్టండి: మొదటి రోజు పొద్దున్నే పెట్టుకోండి, మూడు గంటలు దాటనివ్వకండి, ఉఫీజి మ్యూజియాన్ని అందులో కలపకండి.

నేను ఇటలీ వచ్చే తెలుగు కుటుంబాలకు, చిన్న బృందాలకు టూర్ మేనేజర్‌గా పనిచేస్తాను. ప్రతి ఊళ్లో స్థానిక గైడ్‌ని కుదర్చడం, మనవాళ్లతో పాటు నడవడం, మధ్యమధ్యలో తెలుగులో చెప్పడం నా పని. అందువల్ల మంచి గైడ్లనూ చూశాను, డబ్బు దండగ చేసినవాళ్లనూ చూశాను. ఆ అనుభవంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ప్రైవేట్ గైడ్ ధర మనిషికి కాదు, మొత్తం కుటుంబానికి. 240 నలుగురికి పంచితే తలా 60. ఫ్లోరెన్స్‌లో పదిహేను ఇరవై మందితో కలిసి వెళ్లే మామూలు నడక టూర్లకు మనిషికి 30, 40 యూరోల దాకా అడగడం నేను చూస్తుంటాను. అంటే మీకు తేడా తలా ఇరవై, ముప్ఫై యూరోలే. ఇద్దరే వస్తుంటే, అందులోనూ వయసులో ఉన్నవాళ్లయితే, గ్రూప్ టూర్‌లో చేరమనే చెప్పేదాన్ని. నలుగురై, అందులో ఇద్దరు పెద్దవాళ్లయితే సంగతి వేరు.

ఆ అదనపు డబ్బుకి మీకు దొరికేది ఏమిటంటే, ఆగే స్వేచ్ఛ. మామయ్యగారు ఒక అరుగు మీద కూర్చుంటే టూర్ అక్కడే కూర్చుంటుంది. గ్రూప్‌లో అలా కుదరదు. ఇరవై మంది ముందుకు వెళ్లిపోతారు, మీవారు వాళ్ల వెనక పరుగెడుతుంటే మీరు మామయ్యగారి చెయ్యి పట్టుకుని వెనకబడతారు. చెవిలో హెడ్‌సెట్ గరగరమంటుంది, గైడ్ ఎక్కడుందో కనిపించదు. రెండోది, దీన్ని చాలామంది ముందు ఆలోచించరు: తెలుగులో చెప్పుకోవడానికి వ్యవధి. ప్రైవేట్ గైడ్ రెండు వాక్యాలు చెప్పి ఆగుతారు, మీరు అత్తయ్యగారికి తెలుగులో చెబుతారు, ఆవిడ ఒక ప్రశ్న అడుగుతారు, మీరు దాన్ని ఇంగ్లీషులో గైడ్‌కి చెబుతారు. పెద్దవాళ్లు ఊరిని నిజంగా చూసేది ఈ ప్రశ్నల్లోనే. ఆడియో గైడ్‌ని ఎవరూ ప్రశ్న అడగలేరు.

నేను వెంట వెళ్లిన వాళ్లలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు, ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలూ బొమ్మలూ అంటే ఆసక్తి లేదని ముందే చెప్పారు. కెథెడ్రల్ గుమ్మటం కింద నిలబడి ఒకే ఒక్క మాట అడిగారు: "ఇంత ఎత్తున సెంట్రింగ్ ఎలా కొట్టారమ్మా?" నేల నుంచి సెంట్రింగ్ కొట్టలేదని గైడ్ చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

ఆ కథ మీకూ చెప్తాను. మీ మామయ్యగారికి ముందే చెప్పి ఉంచితే అక్కడ నిలబడినప్పుడు ఇంకా బాగుంటుంది. కెథెడ్రల్ పని 1296లో మొదలైంది. గుమ్మటం కూర్చోవలసిన చోట సుమారు 45 మీటర్ల వెడల్పున ఎనిమిది పలకల ఖాళీ మిగిలింది. అంత వెడల్పుకి, అంత ఎత్తులో కింద నుంచి దుంగలతో ఆసరా కట్టాలంటే సరిపడా కలప తేవడమే అయ్యే పని కాదు. ఫిలిప్పో బ్రునెల్లెస్కి అనే ఆర్కిటెక్ట్ ఆసరా లేకుండానే కడతానన్నాడు. 1420లో మొదలుపెట్టి 1436కి గుమ్మటం మూసేశాడు. ఒకదానిలో ఒకటిగా రెండు గుమ్మటాలు, వాటి మధ్య మెట్ల దారి. ఇటుకల్ని వరసగా పడుకోబెట్టకుండా, మధ్యమధ్య నిలువు ఇటుకలు పెట్టి చేప ముల్లులా అల్లుకుంటూ పోయాడు. దానివల్ల కొత్త వరస తడిగా ఉన్నప్పుడు కూడా లోపలికి జారదు. బరువులు పైకి ఎత్తడానికి ఎడ్లు తిప్పే యంత్రం తయారుచేశాడు. ఎడ్లను వెనక్కి తిప్పకుండానే బరువును దించేలా అందులో గేరు మార్చే ఏర్పాటు ఉంది. ఇదంతా గైడ్ ఒక చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో గీసి చూపించింది. ఆ పెద్దాయన పెన్సిల్ తీసుకుని తనూ గీయడం మొదలుపెట్టారు. అక్కడే దాదాపు నలభై నిమిషాలు గడిచాయి. దారిలో చూడాలనుకున్న రెండు చోట్లు వదిలేశాం, ఆ కుటుంబంలో ఎవరూ బాధపడలేదు. గ్రూప్ టూర్‌లో అక్కడ దొరికేది ఐదారు నిమిషాలు.

ఇంకో ఇంటి నుంచి ఒక అమ్మమ్మగారు వచ్చారు. ఆవిడకి ఇంజినీరింగ్ పట్టలేదు. ఆవిడ కోసం గైడ్ దారి మార్చి శాంతీస్సిమా అన్నున్‌జియాతా కూడలికి తీసుకెళ్లింది. అక్కడ అదే బ్రునెల్లెస్కి డిజైన్ చేసిన అనాథ శిశువుల ఆశ్రమం ఉంది, పని 1419లో మొదలైంది. ఊళ్లోని పట్టు వర్తకుల సంఘం డబ్బుతో కట్టారు. 1445 నుంచి పసిపిల్లల్ని తీసుకున్నారు. పెంచలేక బిడ్డను వదిలే తల్లులు కొందరు ఒక పతకాన్ని రెండు ముక్కలు చేసి సగం బిడ్డ దగ్గర ఉంచేవారు. ఎప్పటికైనా తిరిగొస్తే గుర్తుపట్టడానికి. ఆ ముక్కల్ని లోపల మ్యూజియంలో చిన్న చిన్న సొరుగుల్లో పెట్టారు. బయట కమానుల మీద నీలం నేపథ్యంలో గుడ్డల్లో చుట్టిన పసివాళ్ల తెల్లటి బొమ్మలు ఉంటాయి, ఆంద్రేయా దెల్లా రోబ్బియా చేసినవి. అమ్మమ్మగారు వాటి కింద మెట్ల మీద చాలాసేపు కూర్చున్నారు. మిగతా రోజంతా ఇంకేం చూపించినా ఆ పిల్లల గురించే అడిగారు.

మంచి గైడ్ ఎదుటి మనిషిని చూసి దారి మారుస్తారు. 240 యూరోలు దానికే. దారి మార్చని గైడ్ అయితే, ప్రైవేట్ అని పేరు పెట్టుకున్నా మీరు కొన్నది గ్రూప్ టూరే.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి

ఇటలీలో గైడ్ పని లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. పరీక్ష పాసవ్వాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది, పని చేసేటప్పుడు మెడలో వేసుకుంటారు. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టంతో దేశం మొత్తానికీ ఒకే పరీక్ష, ఒకే జాబితా అనే పద్ధతి తెచ్చారు. నాలాంటి టూర్ మేనేజర్ వేరు, గైడ్ వేరు. నేను మిమ్మల్ని తీసుకెళ్లవచ్చు, టికెట్లు చూసుకోవచ్చు, తెలుగులో చెప్పవచ్చు, కానీ మ్యూజియంలో నిలబడి గైడ్‌లా వివరించే హక్కు నాకు లేదు. ఈ తేడా మనవాళ్లలో చాలామందికి తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో ఒక కుటుంబం విషయంలో చూశాను. వాళ్లు నన్ను కలిసేలోపే ఆన్‌లైన్‌లో ఒక సంస్థ ద్వారా టూర్ బుక్ చేసుకున్నారు. వచ్చిన అబ్బాయి చదువుకుంటున్న కుర్రాడు, మర్యాదగానే ఉన్నాడు, కానీ కార్డు లేదు. మ్యూజియం లోపల సిబ్బంది కార్డు అడిగేసరికి నోరు మూసుకోవలసి వచ్చింది. కుటుంబం లోపల గంటన్నర ఏ బొమ్మ ఏమిటో తెలియకుండా తిరిగింది. ఆ సంస్థ డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

కాబట్టి బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు నేరుగా రాసి అడగండి: మీకు లైసెన్స్ ఉందా, వచ్చేది మీరేనా లేక ఇంకొకరిని పంపుతారా? సొంతంగా పనిచేసే గైడ్ అయితే రెండింటికీ వెంటనే జవాబు ఇస్తారు. మధ్యలో సంస్థ ఉంటే గైడ్ పేరు ముందురోజు దాకా చెప్పరు. నా అభిప్రాయం అడిగితే, గైడ్‌తో నేరుగా మాట్లాడి కుదుర్చుకోవడమే మంచిది. మీరు ఇచ్చే డబ్బు మొత్తం పని చేసే మనిషికి చేరుతుంది, పైగా మీ మామయ్యగారి మోకాళ్ల సంగతి ఆ మనిషికే నేరుగా తెలుస్తుంది.

ఫ్రీ టూర్ల గురించి: అవి నిజంగా ఉచితం కాదు, చివర్లో మనిషికింత అని ఇచ్చి రావాలి, గైడ్ బతుకు దాని మీదే. చెప్పేవాళ్లలో చాలా బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. స్టూడెంట్స్‌కి, ఒంటరిగా తిరిగేవాళ్లకి నేను సంతోషంగా చెబుతాను. కానీ బృందం పెద్దది, నడక వేగం ఎక్కువ, రెండు గంటల పైన నిలబడాలి. మీ అత్తయ్యగారికీ మామయ్యగారికీ వద్దు.

గైడ్‌కి ముందే రాయవలసినవి

బుకింగ్ అయ్యాక చాలామంది "ఓకే, థాంక్యూ" అని ఊరుకుంటారు. అక్కడే సగం విలువ పోతుంది. ఒక మెసేజ్ పెట్టండి: ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరికి మోకాళ్ల నొప్పి, అరగంట నలభై నిమిషాలకోసారి కూర్చునే చోటు కావాలి, నెమ్మదిగా చిన్న వాక్యాల్లో మాట్లాడాలి, మేం మధ్యలో మా భాషలో చెప్పుకుంటాం, మెట్లు వద్దు. మామయ్యగారు ఏం పని చేశారో, అత్తయ్యగారికి ఏమంటే ఇష్టమో కూడా రాయండి. ఆవిడకి నగలంటే ఆసక్తా? అయితే గైడ్ బంగారం కొట్లున్న పొంతె వెక్కియో వంతెన దగ్గర ఎక్కువసేపు ఆపుతుంది. కుట్లు, అల్లికలా? పట్టు వర్తకుల కథ చెబుతుంది. శాకాహారులైతే అది కూడా రాయండి, మధ్యలో తినే చోటు దాన్నిబట్టి చూస్తుంది.

మూడు గంటల్లో ఏ దారి

దారి గైడ్ చూసుకుంటారు. అయినా మీకు ఒక ఊహ ఉండాలి కాబట్టి, పెద్దవాళ్లతో వచ్చినప్పుడు నేను గైడ్లను అడిగే దారి చెప్తాను. పొద్దున ఎనిమిదిన్నరకి మొదలు. జూన్ చివర్లో పదకొండు దాటితే రాతి వీధులు కాలిపోతాయి, ఎండ 35 డిగ్రీలకు చేరడం మామూలే. నడిచేదంతా సమతలమే, మొత్తం దూరం రెండు కిలోమీటర్ల లోపు. కానీ నేల మీద పరిచిన రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పలచటి అట్ట ఉన్న చెప్పులు వేసుకుంటే సాయంత్రానికి మడమలు పోటు పెడతాయి. వాకింగ్ షూస్ వేయించండి, చీర మీదకైనా సరే.

అనాథాశ్రమం కూడలిలో మొదలుపెట్టి, కెథెడ్రల్‌కి రండి. ఎదురుగా ఉన్న బాప్టిస్ట్రీకి (బాప్తిస్మం ఇచ్చే మందిరానికి) లోరెన్జో గిబెర్తి చేసిన బంగారు పూత తలుపులు చూస్తారు. 1425 నుంచి 1452 దాకా, పాతికేళ్ల పైన ఆయన వాటి మీదే ఉన్నాడు. ఇప్పుడు అక్కడ ఉన్నవి నకళ్లు, అసలువి కెథెడ్రల్ మ్యూజియంలో ఉన్నాయి. కెథెడ్రల్ వెనక వైపు నేల మీద ఒక గుండ్రటి తెల్ల పాలరాతి పలక ఉంటుంది. గుమ్మటం శిఖరాన ఉండే బంగారు పూత గోళం పిడుగు పడి ఊడి అక్కడే పడిందని గుర్తు. గైడ్ లేకపోతే దాని మీద నుంచి నడిచి వెళ్లిపోతాం. చాలామంది అలాగే వెళతారు.

అక్కడి నుంచి ఓర్సాన్మికేలె. ధాన్యం మార్కెట్‌గా కట్టినది చర్చిగా మారింది. బయట గోడ గూళ్లలో ఊళ్లోని ఒక్కో వృత్తి సంఘం ఒక్కో విగ్రహం పెట్టించింది. ఈ ఊరిని నడిపింది వర్తకులు, నేతగాళ్లు, వడ్డీ వ్యాపారులు అన్న సంగతి అర్థం కావడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. పట్టుమని పది నిమిషాలు చాలు.

తర్వాత సిన్యోరియా కూడలి. ఊరి పాత పాలక భవనం పాలాజ్జో వెక్కియో ముందు నిలబడ్డ డేవిడ్ విగ్రహం కూడా నకలే. మైకెలాంజెలో 1501 నుంచి 1504 మధ్య చెక్కిన అసలు విగ్రహం నాలుగు శతాబ్దాలకు దగ్గరగా ఇక్కడే ఎండకీ వానకీ నిలబడింది. 1873లో అకాడెమియా మ్యూజియానికి తరలించారు, ఈ నకలు 1910లో పెట్టారు. ఇదే కూడలిలో నేల మీద ఒక గుండ్రటి ఫలకం ఉంది. సావొనరోలా అనే సన్యాసిని 1498 మే 23న ఉరితీసి కాల్చిన చోటు అది. అంతకు ముందు కొన్నేళ్లు ఊరంతా ఆయన మాట విని అద్దాలు, నగలు, పుస్తకాలు మంటల్లో వేసింది. మంచి గైడ్ చేతిలో ఈ కథ వింటే మామయ్యగారి లాంటివాళ్లు రాజకీయాల గురించి చర్చ మొదలుపెడతారు, చూడండి. పక్కనే లోజ్జా దెయి లాంజి అనే కమానుల మండపంలో వెనక గోడ వెంట కూర్చోవచ్చు, నీడ ఉంటుంది. కూడలిలోనే మున్సిపాలిటీ వాళ్ల మంచినీటి కుళాయి ఉంది, మామూలు నీళ్లూ గ్యాస్ నీళ్లూ ఉచితంగా పట్టుకోవచ్చు. సీసాలు వెంట ఉంచుకోండి.

చివర పొంతె వెక్కియో. 1333 వరదలో పాత వంతెన కొట్టుకుపోతే 1345కి ఇది కట్టారు. మొదట్లో మాంసం కొట్లు ఉండేవి. 1593లో ఊరిని ఏలిన మెదిచీ వంశపు ప్రభువు ఫెర్దినాందో ఆ కొట్లను తీయించి బంగారం పనివాళ్లను పెట్టించాడు, ఇప్పటికీ వాళ్లే. కొట్ల పైన కనిపించే మూసిన నడవ వసారి కారిడార్, మెదిచీలు వీధిలోకి దిగకుండా నది దాటడానికి 1565లో కట్టించుకున్నది. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఊళ్లోని వంతెనలన్నీ పేల్చేసి దీన్నొక్కదాన్నే వదిలింది, రెండు వైపులా ఉన్న ఇళ్లను మాత్రం కూల్చింది. పక్క వంతెన, శాంతా త్రినీతా, నదిలోంచి రాళ్లు ఏరి మళ్లీ కట్టినదే. ఈ ప్రాంతపు గోడల మీద 1966 నవంబరు 4 అని రాసిన ఫలకాలు కనిపిస్తాయి, ఆ రోజు వరదలో ఆర్నో నది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసి ఉంటుంది. గోదావరి, కృష్ణ ఒడ్డున పెరిగిన పెద్దవాళ్లు ఆ గీత దగ్గర ఆగకుండా ఉండరు. మోచేతి ఎత్తా, తల ఎత్తా అని కొలుస్తారు.

అంతే. శాంతా క్రోచే చర్చిని ఈ దారిలో నేను పెట్టలేదు. మైకెలాంజెలో, గెలీలియో సమాధులు అక్కడే ఉన్నాయి, తప్పక చూడవలసినదే. కానీ జూన్‌లో ఆ కూడలి నిండా పాతకాలపు ఫుట్‌బాల్ ఆటకి ఇసుక పోసి గ్యాలరీలు కడతారు, బయట నుంచి చూడటానికేమీ మిగలదు. రెండో రోజు మీరే నెమ్మదిగా లోపలికి వెళ్లి రండి.

మ్యూజియాల సంగతి

ఉఫీజి కలపవద్దని ఎందుకన్నానంటే, మూడు గంటలు నడిచాక మళ్లీ రెండు గంటలు గదులు తిరగడం పెద్దవాళ్ల వల్ల కాదు. చిత్రకారుడు బొత్తిచెల్లి బొమ్మ ముందుకు వచ్చేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. "సిటీ వాక్ ప్లస్ ఉఫీజి ప్లస్ అకాడెమియా, ఐదు గంటలు" అని అమ్మే ప్యాకేజీలు వదిలేయండి. ఒక్క డేవిడ్ కోసం అకాడెమియా అయితే మరుసటి రోజు పొద్దున మొదటి టైమ్‌కి టికెట్ తీసుకోండి. మ్యూజియం చిన్నది, గంటలో అయిపోతుంది, గైడ్ అక్కర్లేదు. డేవిడ్ దారిలో మైకెలాంజెలో సగంలో వదిలేసిన బానిసల విగ్రహాల దగ్గర మాత్రం కాసేపు ఆగండి, రాయిలోంచి మనిషి బయటికి రావడం అక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది. సోమవారం ఉఫీజి, అకాడెమియా రెండూ మూసి ఉంటాయి. టికెట్లు మ్యూజియాల సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి, బయటి సైట్లు వాటినే ఎక్కువకి అమ్ముతాయి.

గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు, మధ్యలో వెనక్కి దిగడం కష్టం. పక్కనున్న జొత్తో గంటల గోపురానికి 414. మీ ఇద్దరూ ఎక్కాలనుకుంటే గుమ్మటానికి టైమ్‌తో సహా ముందే బుక్ చేసుకోవాలి. ఆ సమయంలో పెద్దవాళ్లను కెథెడ్రల్ మ్యూజియంలో కూర్చోబెట్టండి. అక్కడ లిఫ్ట్ ఉంది, చల్లగా ఉంటుంది, పై డాబా మీద నుంచి గుమ్మటం ఎదురుగా కనిపిస్తుంది, గిబెర్తి అసలు తలుపులూ అక్కడే. కెథెడ్రల్ లోపలికి వెళ్లడానికి డబ్బు కట్టనక్కర్లేదు, క్యూ మాత్రం పెద్దది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర కట్టుకున్నవాళ్లకి ఇబ్బంది రాదు, మీరు చేతుల్లేని డ్రెస్ వేసుకుంటే చున్నీ ఒకటి పెట్టుకోండి.

మన దేశంతో ముడిపడ్డవి

అడిగితే తప్ప గైడ్లు వీటి దాకా రారు. అడగండి. శాన్ లోరెన్జో చర్చి వెనక మెదిచీ సమాధుల మందిరంలో గోడలన్నీ రంగురాళ్లు కోసి పొదిగినవి. ఈ పనికి 1588లోనే ఫెర్దినాందో ప్రత్యేకంగా ఒక కార్ఖానా పెట్టించాడు. ఇక్కడి పనివాళ్లు చేసిన రాళ్ల పలకలు మన ఢిల్లీ ఎర్రకోటలో చక్రవర్తి సింహాసనం వెనక గోడలో ఉన్నాయి. గోవాలో ఫ్రాన్సిస్ జేవియర్ సమాధి పీఠం ఇదే ఊరి నుంచి వెళ్లింది, మూడో కొసిమో మెదిచీ పంపినది. ఆగ్రా చూసి వచ్చిన పెద్దవాళ్లు ఈ మందిరంలో చప్పున పోలిక పడతారు.

రెండోది, కొల్హాపూర్ మహారాజు రాజారాం. ఇంగ్లండ్ వెళ్లి తిరిగొస్తూ 1870 నవంబరులో ఇరవై ఒకటో ఏటే ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. ఆర్నోలో ముగ్నోనె అనే చిన్న నది కలిసే చోట హిందూ పద్ధతిలో దహనం చేశారు. కాషీనె పార్కు చివర, అదే చోట, ఛత్రి కింద ఆయన విగ్రహం ఉంది, 1874లో పెట్టారు. పక్కనే ఉన్న పెద్ద వంతెనను ఊరివాళ్లు ఇప్పటికీ 'ఆ భారతీయుడి వంతెన' అనే పిలుస్తారు. నడక దారికి ఇది దూరం. సాయంత్రం ఎండ తగ్గాక టాక్సీలో వెళ్లి రావచ్చు. వెంట వచ్చినవాళ్లు అడిగినప్పుడల్లా నేను తీసుకెళతాను. ఇంత దూరంలో రెండు నదులు కలిసే చోటు వెతికి మరీ ఆ కర్మ చేశారన్నది మన పెద్దవాళ్లని కదిలిస్తుంది.

తిండి, టాయిలెట్, టిప్పు

టూర్ మధ్యలో ఒక బార్‌లో కాఫీకి ఆపమనండి. ఇక్కడ బార్ అంటే కాఫీ కొట్టే. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే చాలా ఎక్కువ, కానీ ఆ డబ్బుతో పెద్దవాళ్లకి ఇరవై నిమిషాలు కుర్చీ, శుభ్రమైన టాయిలెట్ దొరుకుతాయి. మీ విషయంలో అది పెట్టదగ్గ ఖర్చు. వీధి బండ్ల మీద లంప్రెదొత్తో అని రాసి ఉంటే అది ఆవు పొట్ట మాంసం, శాకాహారులు చూసుకోండి. పాప్పా అల్ పొమొదోరో అనే టమాటా, రొట్టె కలిపి ఉడికించిన వంటకం పెద్దవాళ్లకి నచ్చుతుంది. రిబొల్లీతా కూరగాయల సూపే, కానీ కొన్ని చోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడిగి తీసుకోండి. పార్మెజాన్ చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం ఉంటుంది. నిష్ఠగా ఉండేవాళ్లకి ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఆ తర్వాత వాళ్ల ఇష్టం. ఇక్కడి రొట్టెలో ఉప్పు వేయరు. కాబట్టి సూట్‌కేస్‌లో ఒక చిన్న సీసా ఆవకాయకి చోటు చూసుకోండి.

టిప్పు తప్పనిసరి కాదు. చాలా బాగా చూసుకున్నారనిపిస్తే పది, ఇరవై యూరోలు చేతిలో పెట్టండి, సంతోషిస్తారు. డబ్బు కట్టాక రసీదు అడగండి, పద్ధతిగా పనిచేసే గైడ్ అడక్కముందే ఇస్తారు. వాన పడితే, మామయ్యగారికి ఆ రోజు బాగా లేకపోతే ఎంత వెనక్కి ఇస్తారో, లేక వేరే రోజుకి మారుస్తారో బుక్ చేసేముందే రాతలో తీసుకోండి.

ఒక్క విషయం మీరు రాయలేదు, తేదీలు. జూన్ 24 ఈ ఊరి పండగ, శాన్ జొవాన్ని రోజు. రాత్రి బాణసంచా బాగుంటుంది, కానీ కొట్లు కొన్ని మూస్తారు, ఊళ్లో జనం ఎక్కువ, గైడ్లు దొరకడం కష్టం. మీ రెండు రోజుల్లో 24 గానీ, ఆదివారం, సోమవారం గానీ ఉంటే ఇక్కడే రాయండి. ఆదివారం ప్రార్థనల వల్ల కెథెడ్రల్ లోపలికి టూరిస్టుల్ని పంపరు, సోమవారం ఉఫీజి, అకాడెమియా ఉండవు. దాన్నిబట్టి నడక ఏ పొద్దున, అకాడెమియా ఏ పొద్దున పెట్టుకోవాలో చెప్తాను.